ముందు స్పీకర్, తర్వాతే ఆంప్లిఫైయర్: తిరుపతిలో పాతకాలపు హైఫై సెట్టు కట్టుకునేవాళ్లకు పూర్తి మార్గదర్శి

వాల్వు (పాత రేడియోల్లో ఉండే గాజు గొట్టం) ఆంప్లిఫైయర్ మీద మోజు పడ్డవాళ్లలో ఎక్కువమంది ముందు ఆంప్లిఫైయరే కొంటారు. చీకట్లో ఎర్రగా వెలిగే వాల్వుల అందం అలాంటిది మరి. స్పీకర్ల సంగతి తర్వాత చూద్దాంలే అనుకుంటారు. డబ్బు వృథా అయ్యేది అక్కడే. పాతకాలపు హైఫైలో ముందు స్పీకర్ తేల్చుకోవాలి. ఎన్ని వాట్లు కావాలి, ఏ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, గదిలో ఎక్కడ పెట్టాలి, ఆఖరికి మే నెల ఎండల్లో కూర్చుని వినగలమా లేదా అన్నది కూడా స్పీకర్‌తోనే తేలిపోతుంది.

తిరుపతి, చిత్తూరు, మదనపల్లె లాంటి ఊళ్లలో షోరూముకు వెళ్లి నాలుగు రకాలు విని కొనే వీలు లేదు. కాగితాలు చదివి, మల్టీమీటరు పట్టుకుని, చెవిని నమ్ముకుని కొనాలి. అది ఎలాగో వరసగా చెప్తాను.

మొదట అడగాల్సినవి రెండే అంకెలు

ఏ స్పీకర్ పేరు విన్నా ముందు దాని సెన్సిటివిటీ అడగండి. ఒక వాటు ఇచ్చి ఒక మీటరు దూరంలో కొలిస్తే ఎన్ని డెసిబెల్స్ (డీబీ) వస్తుందో ఆ అంకె. తర్వాత ఇంపీడెన్స్, అంటే కరెంటుకు స్పీకర్ ఇచ్చే అడ్డు ఎన్ని ఓమ్‌లో అడగండి.

శబ్దం 3 డీబీ పెరగాలంటే ఆంప్లిఫైయర్ వాట్లు రెండింతలు కావాలి. 10 డీబీ పెరగాలంటే పదింతలు. ఈ లెక్క ఒక్కటి బుర్రకెక్కితే సగం పని అయిపోయినట్టే. వెస్టర్న్ ఎలక్ట్రిక్ వాళ్లు 1938లో తెచ్చిన 300బీ వాల్వు ఒక్కటే పెట్టి కట్టిన సింగిల్ ఎండెడ్ ఆంప్లిఫైయర్ 8 వాట్లు ఇస్తుంది. దానికి 104 డీబీ క్లిప్ష్‌హార్న్ తగిలిస్తే ఇల్లు అదిరిపోతుంది. అదే ఆంప్లిఫైయర్‌కి 82, 83 డీబీ ఉండే బీబీసీ ఎల్ఎస్3/5ఏ అనే చిన్న స్పీకర్ తగిలిస్తే రాత్రిపూట చిన్న గదిలో ఒక గొంతు, ఒక తంబుర హాయిగా వినొచ్చు, అంతే. డోలు, సన్నాయి పెట్టారంటే ఆంప్లిఫైయర్ చేతులెత్తేస్తుంది. రెండు స్పీకర్ల మధ్య తేడా 20 డీబీ పైనే. అంటే రెండోది మొదటిదానంత మోత పెట్టాలంటే నూరు రెట్లు వాట్లు కావాలి. 8 కాస్తా 800 అవుతుంది! అంత శక్తి ఆ చిన్న పెట్టె తట్టుకోలేదు కూడా.

ఇక ఓమ్‌లు. 1950, 60ల నాటి బ్రిటిష్ స్పీకర్లు చాలావరకు 15 లేదా 16 ఓమ్‌లవి. ఈ రోజుల్లో దొరికే చవకరకం వాల్వు ఆంప్లిఫైయర్లలో కొన్నిటికి 4, 8 ఓమ్‌ల టెర్మినళ్లే ఉంటాయి. 16 ఓమ్‌ల టెర్మినల్ ఉందో లేదో ముందే కనుక్కోండి. ఇంకో సంగతి: ట్రాన్సిస్టర్ ఆంప్లిఫైయర్‌తో పోలిస్తే వాల్వు ఆంప్లిఫైయర్ అవుట్‌పుట్ ఇంపీడెన్స్ ఎక్కువ. అందుకే స్పీకర్ ఇంపీడెన్స్ ఏ ఫ్రీక్వెన్సీలో ఎక్కువగా ఉంటే అక్కడ శబ్దం కాస్త పెరుగుతుంది, తక్కువగా ఉన్నచోట తగ్గుతుంది. ఒకే స్పీకర్ వాల్వుతో ఒకలా, ట్రాన్సిస్టర్‌తో ఇంకోలా వినిపించడానికి ఇదొక ముఖ్య కారణం. ఇందులో మాయ ఏమీ లేదు.

పేర్ల వెనక ఏముంది

అరుదైన స్పీకర్ అన్నంత మాత్రాన మంచి స్పీకర్ కాదు. తక్కువ అమ్ముడుపోయినందువల్ల అరుదైనవీ ఉన్నాయి, బాగుండి జనం వదలకపోవడంతో అరుదైనవీ ఉన్నాయి. కొన్ని పేర్లు మళ్లీ మళ్లీ వినిపిస్తాయి కాబట్టి వాటి గుణగణాలు తెలుసుకుందాం.

పాల్ క్లిప్ష్ 1946లో మొదలుపెట్టిన క్లిప్ష్‌హార్న్ గది మూలనే తన హార్న్‌లో, అంటే శబ్దాన్ని పెంచే కొమ్ములో, భాగంగా వాడుకుంటుంది. రెండు మూలలూ ఖాళీగా ఉండాలి, వాటి పక్కన తలుపు ఉండకూడదు. మన ఇళ్లలో ఒక మూల బీరువా, ఒక మూల దేవుడి గూడు. కుదిరితే అదృష్టం. ఆల్టెక్ కంపెనీ వాయిస్ ఆఫ్ ద థియేటర్ వరస సినిమా హాళ్ల కోసం చేసింది. మూడు నాలుగు వాట్లకే పలుకుతుంది కానీ పది అడుగుల గదిలో పెడితే మొదటి వరసలో కూర్చుని సినిమా చూసినట్టుంటుంది.

టన్నాయ్ డ్యూయల్ కాన్సెంట్రిక్ స్పీకర్లలో పెద్ద కోన్ (కదిలి శబ్దం చేసే గరాటు లాంటి భాగం) నడిమధ్యలోంచే హెచ్చుస్థాయి శబ్దం వస్తుంది. గొంతు ఒకేచోట నిలిచి వినిపించడానికి కారణం అదే. 1947లో మొదలైన ఈ వరసను బ్లాక్, సిల్వర్, రెడ్, గోల్డ్ అని రంగుల పేర్లతో పిలుస్తారు. సిల్వర్, రెడ్ 15 ఓమ్‌లవి, 1967లో వచ్చిన గోల్డ్ 8 ఓమ్‌లది. 1974లో వచ్చిన హెచ్‌పీడీ వరసలో కోన్ అంచుకు ఫోమ్ వాడారు. ఇన్నేళ్లకు ఆ ఫోమ్ మిగిలి ఉందంటే మార్చారని అర్థం. మార్చింది ఎవరు, ఏ ఫోమ్‌తో మార్చారు అని అడగాలి. వాల్వులతో టన్నాయ్‌ది మంచి జోడీ. పెద్ద గది, పెద్ద బడ్జెట్ ఉంటే నేను కళ్లు మూసుకుని చెప్పే పేరు ఇదే.

క్వాడ్ ఎలక్ట్రోస్టాటిక్ 1957 నాటిది, పీటర్ వాకర్ చేసింది. గొంతు విషయంలో దానికి సాటి వచ్చేవి ఇప్పటికీ తక్కువే. అదే కంపెనీ 15 వాట్ల క్వాడ్ 2 ఆంప్లిఫైయర్, లోపల కేటీ66 వాల్వులు, ఆ రెండిటి జోడీ వినాల్సిందే. కానీ ఆ ప్యానెళ్లు వేల వోల్టుల మీద పనిచేస్తాయి. దుమ్ము లాక్కుంటాయి, తేమ పడదు. ఎక్కువ వోల్టేజీ ఇస్తే లోపల నిప్పురవ్వలు లేచి ప్యానెల్ పోతుంది. పైగా హెచ్చు ఫ్రీక్వెన్సీలో ఇంపీడెన్స్ 2 ఓమ్‌ల లోపలికి దిగుతుంది. ఊళ్లో బాగుచేసేవాళ్లు లేనప్పుడు దీన్ని కొనమని ఎవరికీ చెప్పను.

అకౌస్టిక్ రీసెర్చ్ కంపెనీ 1967లో తెచ్చిన ఏఆర్-3ఏ బిగుతుగా మూసిన పెట్టెలోంచి లోతైన బేస్ తీస్తుంది. సెన్సిటివిటీ మాత్రం తక్కువ, 4 ఓమ్‌లు. చిన్న వాల్వు ఆంప్లిఫైయర్‌తో పెళ్లి చేయకండి. వెనకున్న లెవెల్ కంట్రోళ్లు తుప్పుపట్టి ట్వీటర్ (హెచ్చుస్థాయి శబ్దం పలికే చిన్న యూనిట్) పలకకపోవడం దాని పుట్టురోగం. ట్వీటర్ కాలిపోయిందని అమ్మేవాడు ధర తగ్గిస్తే నిజానికి కంట్రోల్ శుభ్రం చేస్తే సరిపోయే కేసు కావచ్చు.

మన బడ్జెట్‌లో మన దేశంలో దొరకగలిగే మంచి సరుకు ఫిలిప్స్ 9710. ఎనిమిదంగుళాల కోన్, మధ్యలో చిన్న రెండో కోన్, క్రాస్ఓవర్ (హెచ్చు, తగ్గు స్థాయిల శబ్దాన్ని వేర్వేరు యూనిట్లకు పంచే సర్క్యూట్) అక్కర్లేదు, కొద్ది వాట్లకే పలుకుతుంది. ఒక్క జాగ్రత్త. అదే శరీరంతో 800 ఓమ్‌ల రకం కూడా ఉంది. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ (వాల్వులకూ స్పీకర్‌కూ మధ్య ఉండేది) లేని రేడియోల కోసం చేసింది. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. మల్టీమీటరు పెట్టకుండా కొన్నారంటే మామూలు ఆంప్లిఫైయర్‌తో పలకని స్పీకర్ ఇంటికి తెచ్చుకున్నట్టే.

'ఆల్నికో అయస్కాంతం' అని ధర పెంచేవాళ్లు చాలామంది. 1970ల చివర్లో కోబాల్ట్ కరువొచ్చి ధర మండిపోవడంతో కంపెనీలు ఫెర్రైట్‌కి మారాయి. అప్పటినుంచి ఆల్నికోకి ఈ గౌరవం. ఆల్నికోతో బాగున్న స్పీకర్లు ఎన్నో ఉన్నాయి, అయితే అవి బాగుండటానికి అయస్కాంతం ఒక్కటే కారణం కాదు. కింద పడ్డా, గట్టి దెబ్బ తగిలినా ఆల్నికో కొంత బలం కోల్పోతుందని మాత్రం గుర్తుపెట్టుకోండి.

మొదటి జత కోసం నా సలహా ఇది: 92 డీబీ పైన, 8 నుంచి 16 ఓమ్‌లు, అంచు ఫోమ్ కాకుండా గుడ్డ లేదా కాగితం, క్రాస్ఓవర్ వీలైనంత సాదా. పేరు పెద్దది కాకపోయినా పర్వాలేదు.

డబ్బు తీసే ముందు కాగితం చదవాలి

పాత పత్రికలు, కేటలాగులు ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. వరల్డ్ రేడియో హిస్టరీ సైటులో వైర్‌లెస్ వరల్డ్ లాంటి పత్రికల సంచికలు దశాబ్దాల తరబడివి ఉన్నాయి. 1947లో అందులో వచ్చిన విలియమ్సన్ సర్క్యూట్ ఎన్ని ఆంప్లిఫైయర్లకు తల్లి అయిందో చదివితే తెలుస్తుంది. హైఫై ఇంజిన్ సైటులో సర్వీస్ మాన్యువళ్లు ఉంటాయి.

ఒక నోటుబుక్ పెట్టుకోండి. మీ కన్ను పడ్డ ఒక్కో స్పీకర్‌కి ఒక్కో పేజీ. ఓమ్‌లు, డీబీ, అంచు దేనితో చేశారు, క్రాస్ఓవర్‌లో ఏ విలువల కండెన్సర్లు ఉన్నాయి, సీరియల్ నంబర్ ఎక్కడ కొడతారు, ఏ ఏడాది ఏం మారింది. లేబుల్ రంగు, వెనక ఫ్రేము ఆకారం, స్క్రూలు ఎలా ఉంటాయో ఫోటో అతికించండి. అమ్మేవాడు పంపిన ఫోటో పక్కన పెట్టి చూస్తే కోన్ మార్చారా, లేబుల్ కొత్తగా అంటించారా, ఎడమ ఒక రకం కుడి ఒక రకమా అన్నది చాలావరకు బయటపడుతుంది. ఎల్ఎస్3/5ఏ లాంటి వాటికి నకళ్లు కూడా ఉన్నాయి. లోపల కెఫ్ బీ110, టీ27 యూనిట్లు ఉన్నాయో లేదో చూపించమనాలి.

ముందు వైపు ఫోటోలు మాత్రమే పంపేవాడిని వెనక వైపు, కోన్ అంచు దగ్గరగా, సీరియల్ నంబర్లు పంపమని అడగండి. 'ఇంటికొచ్చి చూసుకోండి' అంటే మంచిదే, వెళ్లండి. 'ఇప్పుడే అడ్వాన్స్ వేయండి, వేరేవాళ్లు అడుగుతున్నారు' అంటే వేరేవాళ్లకే పోనివ్వండి.

ఎక్కడ వెతకాలి

విదేశాల నుంచి తెప్పించడం ఒక దారి. స్పీకర్ ధర కన్నా రవాణా, కస్టమ్స్ ఎక్కువయ్యే సందర్భాలు ఉంటాయి కాబట్టి పెట్టె లేకుండా లోపలి డ్రైవర్లు మాత్రమే తెప్పించుకుని పెట్టె ఇక్కడ చేయించుకోవడం మేలు. కంపెనీ ఇచ్చిన కొలతలతో 19 మి.మీ. మంచి ప్లైవుడ్ తీసుకుని ఇవ్వండి. తిరుపతిలో పనితెలిసిన వడ్రంగులకు కొదవ లేదు. శ్రీకాళహస్తి దగ్గర మాధవమాల వైపు చెక్కడంలో చేయి తిరిగినవాళ్లే ఉన్నారు, కానీ స్పీకర్ పెట్టెకు నగిషీ కాదు, గాలి చొరని కీళ్లు కావాలి. అది నొక్కి చెప్పండి. (ఎర్రచందనంతో చేయిస్తే శబ్దం బాగుంటుందట కదా అని అడిగినవాళ్లున్నారు. శబ్దం సంగతేమో గానీ పోలీసులు వస్తారు.)

చుట్టుపక్కల ఊళ్లలో అసలు గని పాత మైకు సెట్ల షాపులు. పెళ్లిళ్లకు, జాతరలకు వాల్వు ఆంప్లిఫైయర్లు మోసిన తరం వాళ్లది. వెనక గదిలో అహుజా పెట్టెలు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్లు, అట్టపెట్టెల్లో వాల్వులు పడి ఉంటాయి. అడిగే తీరు ముఖ్యం.

'ఏం సామీ, ఈ పాత సామాను నీకెందుకు? ఇప్పుడంతా డీజే కదా.'

'ఇంట్లో పాటలు వినేదానికి అన్నా.'

'ఇంట్లోకా! అది పట్టుకుంటే షాకు కొడతాది, చూసుకో.'

ఆ మాట నిజమే. దానికి కిందే వస్తాం. మైకు ఆంప్లిఫైయర్ కొనేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది ఒకటి. దాని అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ మాట దూరం వినిపించడానికి చుట్టింది, సంగీతానికి కాదు. 100 వోల్టుల లైను (దూరపు కొమ్ము మైకుల కోసం ఇచ్చింది) టెర్మినళ్లకు ఇంట్లో స్పీకర్ తగిలించకూడదు. దాని పవర్ ట్రాన్స్‌ఫార్మర్, వాల్వులు, సాకెట్లు వాడుకుని కొత్త అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్లతో కట్టించుకునేవాళ్లు తెలివైనవాళ్లు. కొమ్ము మైకులు మాత్రం అక్కడే వదిలేయండి.

విడిభాగాలకు మనకు దగ్గర చెన్నై రిచీ స్ట్రీట్. బెంగళూరు అయితే ఎస్‌పీ రోడ్. హైదరాబాద్ వెళ్లే పని ఉంటే ఎర్రగడ్డ ఆదివారం సంత, గురువారం జుమ్మేరాత్ బజార్ ఒక చుట్టు చుట్టొచ్చు. బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ 1961లో రేడియో వాల్వుల తయారీ మొదలుపెట్టింది. ఆ బీఈఎల్ ముద్ర ఉన్న ఈసీసీ83, ఈఎల్84 వాల్వులు పాత రేడియో మెకానిక్కుల సొరుగుల్లో ఇంకా బయటపడుతుంటాయి. విదేశీయులు వెతుక్కునే సరుకు అది. కనబడితే వదలకండి.

చేతిలోకి తీసుకుని చూడటం

వెళ్లేటప్పుడు సంచిలో మల్టీమీటరు, 1.5 వోల్టుల పెన్ సెల్, రెండు వైర్లు, టార్చి, ఫోనులో టోన్ జనరేటర్ ఆప్, చేతిలో పట్టే చిన్న ఆంప్లిఫైయర్ ఉండాలి.

ముందు పెట్టె. వెనక పలక మీద వేలితో తట్టుతూ పోండి. బోలుగా వినిపించినచోట చెద తిన్నదేమో చూడండి. కింద మూలల్లో సన్నటి మట్టి గీతలు ఉంటే చెదే. లోపల ముక్కిన వాసన, కోన్ మీద తెల్లటి మచ్చలు ఉంటే వానల్లో తడిసిన సరుకు. ఎలుక కొరికిన కోన్ అంచు గుండ్రంగా, శుభ్రంగా ఉంటుంది. చిరుగు అలా ఉండదు.

కోన్ అంచును చూపుడు వేలితో మెల్లగా తాకండి. ఫోమ్ అయితే పాతబడ్డది అప్పడంలా పొడి అవుతుంది. అదొక్కటే లోపమైతే భయపడనక్కర్లేదు, ఫోమ్ మార్చొచ్చు, ధర మాత్రం దానికి తగ్గట్టు తగ్గాలి. తర్వాత మధ్య గుండీకి చుట్టూ సమాన దూరంలో నాలుగు వేళ్లు ఆనించి కోన్‌ను అర సెంటీమీటరు కూడా మించకుండా లోపలికి నొక్కి వదలండి. చెవి దగ్గర పెట్టుకోండి. ఏ శబ్దమూ రాకూడదు. ఇసుక మీద గీసినట్టు సన్నగా గీరుకుంటే వాయిస్ కాయిల్ (కోన్‌కు అంటిన తీగచుట్ట) అయస్కాంతానికి తగులుతోందని అర్థం. ఒక వైపు వంచి నొక్కితే మంచి స్పీకర్ కూడా గీరుకుంటుంది కాబట్టి వేళ్లు సమానంగా ఉండాలి. అమ్మేవాడి ముందు ఇది చేయడానికి మొహమాటపడకండి.

మల్టీమీటరుతో టెర్మినళ్ల దగ్గర ఓమ్‌లు చూడండి. 8 ఓమ్‌ల స్పీకర్ సాధారణంగా 5.5 నుంచి 7 మధ్య చూపిస్తుంది. 16 ఓమ్‌లది 11 నుంచి 13. జతలో రెండూ దాదాపు ఒకటే చూపించాలి. ఒకటి 6, ఒకటి 11 చూపిస్తే ఒకదానికి వేరే కోన్ వేసినట్టే.

ఇప్పుడు పెన్ సెల్. ప్లస్ వైరు ఎర్ర టెర్మినల్‌కి, మైనస్ నల్లదానికి ఒక్క క్షణం తగిలించండి. టక్ మని కోన్ ముందుకు రావాలి. రెండో స్పీకర్ కూడా అటే రావాలి. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు పోతే వైర్లు తారుమారయ్యాయి. పాత జేబీఎల్ డ్రైవర్లు అయితే ప్లస్ ఇస్తే కోన్ వెనక్కే పోతుంది. ఆ కంపెనీ చాలాకాలం అలాగే చేసింది, అది లోపం కాదు. ట్వీటర్లకు మాత్రం సెల్ పెట్టకండి, సన్నటి కాయిల్ దెబ్బతినొచ్చు.

ఆఖరున ఫోను టోన్ చిన్న ఆంప్లిఫైయర్‌కి ఇచ్చి తక్కువ మోతలో 40 నుంచి 300 హెర్ట్జ్ దాకా మెల్లగా పెంచండి. మధ్యలో ఏదో ఒకచోట బుర్రుమంటే ఆపి, అదే ఫ్రీక్వెన్సీలో పెట్టెను చేత్తో నొక్కండి. ఆగిపోతే వదులైన పలక లేదా గ్రిల్లు. ఆగకపోతే కోన్‌లోనే ఉంది. ట్వీటర్ పలకకపోయినా, పీలగా పలికినా ముందు క్రాస్ఓవర్ కండెన్సర్లను అనుమానించాలి. వయసుకు ఎండిపోతాయి. అదే విలువవి కొత్తవి వేయించండి. తీసిన పాతవి కవర్లో వేసి పెట్టె లోపలే పెట్టండి, రేపు మీరు అమ్మితే కొనేవాళ్లు అడుగుతారు.

ఆంప్లిఫైయర్ ఎంపిక

స్పీకర్ 96 డీబీ దాటితే 2ఏ3, 300బీ సింగిల్ ఎండెడ్ చాలు. 2ఏ3 ఇచ్చేది 3.5 వాట్లే. 88 నుంచి 95 మధ్య అయితే రెండేసి ఈఎల్84లు పుష్‌పుల్‌లో (రెండు వాల్వులు పని పంచుకునే పద్ధతి) పెట్టిన 10, 15 వాట్ల ఆంప్లిఫైయర్ మనలాంటివాళ్లకు సరైన జోడు. లీక్ స్టీరియో 20 ఆ కోవలోదే. అంతకన్నా కింద ఉంటే ఈఎల్34, కేటీ88 పుష్‌పుల్ చూడాలి. మామూలు మోతలో వినేటప్పుడు ఒక వాటు కూడా వాడం. మిగతా వాట్లన్నీ మృదంగం మీద పడే ఒక్క దెబ్బ కోసమే.

వాల్వుల బ్రాండు గురించి జనం చేసే చర్చలో సగం ట్రాన్స్‌ఫార్మర్ల గురించి చేస్తే బాగుండేది. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ చిన్నగా, తేలిగ్గా ఉంటే ఏ వాల్వు పెట్టినా బేస్ రాదు. ఎత్తి చూడండి, నడుము పట్టేయాలి.

మొదటిసారి స్విచ్ వేసే ముందు

ఇక్కడ టెన్షన్ పడటమే మంచిది. లోపల 300 నుంచి 500 వోల్టుల డీసీ ఉంటుంది. ప్లగ్గు పీకేసినా కండెన్సర్లలో చాలాసేపు నిలుస్తుంది. మూత తీసి చేయి పెట్టే పని తెలిసినవాళ్లదే. ఊళ్లో వాల్వు రేడియోలు బాగుచేసిన పెద్దాయన ఎవరైనా ఉంటే ఆయన్ను మించిన ఆస్తి లేదు. పాత ఏసీ/డీసీ రేడియోల్లో ఛాసిస్‌కే నేరుగా కరెంటు ఉండేది, వాటిని ఆంప్లిఫైయర్‌గా మార్చాలన్న ఆలోచన మానేయండి.

ఏళ్ల తరబడి మూలన పడి ఉన్న ఆంప్లిఫైయర్‌ను నేరుగా ప్లగ్గులో పెట్టకూడదు. ఎలక్ట్రీషియన్ల దగ్గర ఉండే సిరీస్ బోర్డుతో (కరెంటు ఒక బల్బు గుండా వచ్చేలా చేసిన బోర్డు) మొదలుపెట్టాలి. 60 లేదా 100 వాట్ల ఫిలమెంట్ బల్బు ఉండాలి, ఎల్ఈడీ పనికిరాదు. స్విచ్ వేయగానే బల్బు ఒకసారి వెలిగి మసకబారితే మంచి సూచన. అలాగే ధగధగా వెలుగుతుంటే లోపల షార్టు ఉంది, ఆపేయండి. ఆ దశ దాటాక వేరియాక్‌తో వోల్టేజీ మెల్లగా పెంచుతారు. పాత కాగితపు కప్లింగ్ కండెన్సర్లు డీసీని లీక్ చేస్తాయి, దాంతో అవుట్‌పుట్ వాల్వు అవసరానికి మించి కరెంటు లాగి ప్లేటు ఎర్రగా కాలుతుంది. వాల్వు పోతుంది, దాని వెంట ట్రాన్స్‌ఫార్మరూ పోవచ్చు. అందుకే ఆ కండెన్సర్లు, ఎలక్ట్రోలైటిక్‌లు ముందే మార్పించడం చవక.

వాల్వు ఆంప్లిఫైయర్ ఎప్పుడూ స్పీకర్ తగిలించకుండా ఆన్ చేయకూడదు. లోడు లేకపోతే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజీ ఎగబాకి ఇన్సులేషన్ చిట్లిపోతుంది. వైర్లు మార్చాలన్నా ముందు ఆఫ్ చేయాలి.

ఫిక్స్‌డ్ బయాస్ ఆంప్లిఫైయర్ అయితే బయాస్ లెక్క, అంటే పాట లేనప్పుడు వాల్వు ఎంత కరెంటు లాగాలో, మీరే వేసుకోగలగాలి. ఈఎల్34 ప్లేటు తట్టుకునేది 25 వాట్లు. అందులో 70 శాతం, అంటే 17.5 వాట్లు పెట్టుకుందాం. ప్లేటు వోల్టేజీ 400 అయితే 17.5ను 400తో భాగించాలి, దాదాపు 44 మిల్లీఆంపియర్లు. కాథోడ్‌లో 10 ఓమ్‌ల రెసిస్టర్ ఉంటే దాని మీద 0.44 వోల్టులు చూపిస్తుంది. అందులో స్క్రీన్ కరెంటు కూడా కలిసి ఉంటుంది కాబట్టి అసలు ప్లేటు కరెంటు కాస్త తక్కువే, అది సురక్షితమైన వైపే. వాల్వు మార్చిన ప్రతిసారీ మళ్లీ సరిచూడాలి. గాజు లోపలి అంచున నీలం కాంతి కనిపిస్తే చాలావరకు హాని లేదు. ప్లేటు మీద ఎర్రటి మచ్చ కనిపిస్తే మాత్రం వెంటనే ఆపేయండి.

మన కరెంటు, మన ఎండ

పాత బ్రిటిష్ ఆంప్లిఫైయర్ల వెనక వోల్టేజీ సెలెక్టర్ ఉంటుంది. మీ ఇంట్లో రాత్రిపూట 240 దాటుతుంటే దాన్ని 220 దగ్గర వదిలేయకండి, ఫిలమెంట్లు త్వరగా పోతాయి. అమెరికా సెట్లకు స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. అవి 60 హెర్ట్జ్‌కి చేసినవి, మన 50 హెర్ట్జ్ మీద ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కువ వేడెక్కుతుంది. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద వాల్వు ఆంప్లిఫైయర్ నడపకండి, కరెంటు పోతే పాట కూడా పోనివ్వండి. ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే హమ్ము పోదు, అంతకన్నా ముఖ్యంగా ప్రాణానికి రక్షణ ఉండదు.

సింగిల్ ఎండెడ్ ఆంప్లిఫైయర్ పాట ఉన్నా లేకున్నా ఒకేలా కరెంటు లాగుతుంది, అదంతా వేడిగా గదిలోకి వస్తుంది. బయట 40 డిగ్రీలు దాటిన రోజుల్లో సాయంత్రం ఏడు దాటాకే మొదలుపెట్టండి. చుట్టూ అరడుగు ఖాళీ వదలండి, షోకేసులో పెట్టి అద్దం మూయకండి. వెచ్చదనానికి బల్లులు చేరతాయి. హైవోల్టేజీ దగ్గర బల్లి అడ్డం పడితే దానితోపాటు మీ ఫ్యూజు కూడా పోతుంది. కింద పలక ఉండాలి, రంధ్రాలకు సన్నటి ఇనుప జల్లెడ వేయించండి. అక్టోబరు నుంచి డిసెంబరు వానల్లో కోన్లకు బూజు పట్టకుండా వారానికి రెండు మూడుసార్లు సెట్టు నడపండి.

గది

స్లాబు కప్పు, నున్నటి గోడలు, గ్రానైట్ లేదా టైల్స్ నేల. మన ఇళ్లలో చప్పట్లు కొడితే గోడ తిరిగి కొడుతుంది. వేల రూపాయల కేబుళ్ల మీద పెట్టే డబ్బు జంఖానా, మందపాటి పరదాలు, పుస్తకాల బీరువా మీద పెట్టండి. స్పీకర్ వైరుకు మామూలు 1.5 చదరపు మి.మీ. రాగి వైరు చాలు. 12 అడుగుల పొడవున్న గదిలో 47 హెర్ట్జ్ దగ్గర బేస్ ఉబ్బుతుంది. స్పీకర్లను గోడకు అర్ధ అడుగు ముందుకో వెనక్కో జరుపుతూ, మీరు కూర్చునే కుర్చీని కూడా జరుపుతూ మృదంగం ఎడమవైపు తొప్పి శబ్దం స్పష్టంగా వినిపించే చోటు పట్టుకోవాలి. గదికి సరిగ్గా నడిమధ్య కూర్చుంటే బేస్ మాయమవుతుంది. సీలింగ్ ఫ్యాన్ తప్పదు కాబట్టి తక్కువ స్పీడులో పెట్టి దానికి అలవాటుపడండి.

వినడం

కొలమానం ఏమిటో ముందు చెవికి తెలియాలి. ఆ విషయంలో తిరుపతి వాళ్లం అదృష్టవంతులం. గోవిందరాజస్వామి గుడిలో మైకు లేకుండా మోగే నాదస్వరం, డోలు దగ్గర కాసేపు నిలబడండి. మహతి ఆడిటోరియంలో, అన్నమాచార్య కళామందిరంలో జరిగే కచేరీలకు ముందు వరసల్లో కూర్చోండి. ఇంటికొచ్చి సెట్టు పెడితే ఎక్కడ తేడా ఉందో మీకే తెలుస్తుంది. ఆ ఘాటు, ఆ తెగువ ఇంట్లో పూర్తిగా రాదు, కానీ ఏ స్పీకర్ దానికి దగ్గర, ఏది కేవలం తియ్యగా అబద్ధం చెబుతోంది అన్నది పట్టుకోవచ్చు.

పాత సెట్టుకు పాత రికార్డులు బాగా కుదురుతాయి. టీటీడీ కోసం ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడిన అన్నమయ్య కీర్తనల ఎల్పీలు ఇంట్లో ఉంటే దుమ్ము దులపండి. వెనక తంబుర పాట ముగిసేదాకా తెగకుండా వినిపిస్తుందా, గొంతు పైకి వెళ్లినప్పుడు గరగర వస్తుందా చూడండి. ఘంటసాల నాటి మోనో రికార్డులకు మోనో స్విచ్ వేస్తే గీతల చప్పుడు బాగా తగ్గుతుంది. 78 ఆర్పీఎం ప్లేట్లకు మాత్రం వెడల్పాటి సూది వేరే కావాలి, ఎల్పీ సూదితో తిప్పితే సూదికీ నష్టమే, శబ్దమూ సరిగ్గా రాదు.

ఒకసారి ఒక్కటే మార్చండి. వాల్వు మారిస్తే వాల్వే, స్పీకర్ చోటు మారిస్తే అదే. వారం విని, పాతది మళ్లీ పెట్టి చూడండి. అదే పాట, అదే మోత, వాల్యూమ్ నాబ్ మీద పెన్సిలు గుర్తు. రెండు వాల్వుల మధ్య తేడా ఉందని చెప్పేవాళ్లలో చాలామంది నిజానికి చెప్పేది ఒకటి కాస్త గట్టిగా మోగుతోందని. అవుట్‌పుట్ వాల్వులు కొన్ని వేల గంటలు వస్తాయి, చిన్న వాల్వులు అంతకన్నా ఎక్కువ. కాబట్టి ఒక్క జత స్పేర్ కొని, ఏ సాకెట్‌ది ఏదో చీటీ రాసి పెట్టుకుంటే చాలు, సొరుగు నింపుకోనక్కర్లేదు.